సగం ధరకు నూట పన్నెండు పానాలు

మా ఆయన ఏ వస్తువు కొన్నా దాని ధర చెప్పరు, ఎంత మిగిలిందో చెబుతారు. ఒక్క గొడుగు కోసం వెళ్లి మూడు తెచ్చి, రెండు గొడుగుల డబ్బు మిగిల్చానని సంబరపడే మనిషి. ఆ లెక్కన మేము ఈపాటికి మేడలు కట్టి ఉండాలి. ఇంకా అద్దెకే ఉంటున్నాం, కాకపోతే గొడుగులకు లోటు లేదు.

అందుకని ఆ శనివారం సాయంత్రం ఆయన ఒక ఎర్ర ప్లాస్టిక్ పెట్టె మోసుకొచ్చి, భోజనాల బల్ల మీద దించి, "సగం ధర!" అన్నప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. మూత తీశారు. లోపల పానాలు, బోల్టుల తలలకు తొడిగే సాకెట్లు, స్క్రూడ్రైవర్లు, ఒక సుత్తి, అన్నీ ఎవరి గదిలో వాళ్లు పడుకున్నట్టు గుంటల్లో సర్దుకుని తళతళలాడుతున్నాయి.

"మొత్తం నూట పన్నెండు. రేపు కారు బ్రేకులు నేనే మారుస్తున్నా," అన్నారు.

నాకు సోమవారం గుర్తొచ్చింది.

సంగతేమిటంటే, నేను రక్తం తీసే మనిషిని. పెళ్లయిన కొత్తలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను. పిల్లలు పుట్టాక మానేశాను. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం దొరికింది. కొండకు అవతలి ఊళ్లో, పొద్దున్న ఆరింటికల్లా ల్యాబులో ఉండాలి. సోమవారం మొదటి రోజు. ఆ వేళకు బస్సు లేదు. మా పాత కారే దిక్కు. ఆ దారి ఎక్కడానికి బాగానే ఉంటుంది, దిగేటప్పుడు మాత్రం ఆరు మలుపులు. మా కారు బ్రేకు తొక్కితే నెల రోజులుగా కీచుమంటోంది.

"తమ్ముడి షెడ్డులో ఇద్దామండీ," అన్నాను.

అదే నేను చేసిన పొరపాటు. మా తమ్ముడికి రెండు వీధుల అవతల కార్ల రిపేరు షెడ్డు ఉంది. బామ్మర్ది బతకగోరతాడంటారు. మావాడూ బతకగోరతాడు, ప్రశాంతంగా మాత్రం బతకనివ్వడు. మా ఆయన కిందటేడు వైపరు మార్చబోయి అద్దం పగలగొట్టుకున్న సంగతి మా బంధువుల్లో తెలియనివాళ్లు లేరంటే, ఆ పుణ్యం మావాడిదే.

"మీ తమ్ముడు ఇనుమంటే ఏమిటో తనకొక్కడికే తెలుసనుకుంటాడు. ఇనుము ఎక్కడైనా ఇనుమే," అన్నారు మా ఆయన.

ఆయన సర్వే ఆఫీసులో పటాలు గీస్తారు. పెన్సిలు ముల్లులా చెక్కుకుని, వెంట్రుకవాసి తేడా రాకుండా గీత గీసే చెయ్యి అది. పుస్తకంలో ఏముందో అదే చేస్తారు, చేసినదాని పక్కన టిక్కు పెడతారు. అంత నిక్కచ్చి మనిషికి సగం ధర అన్న బోర్డు కనబడితే బుద్ధి ఎటు పోతుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆదివారం పొద్దున్న టిఫిను కాగానే పాత లుంగీ కట్టుకుని ఇంటి ముందు దుకాణం తెరిచారు. ఎడమవైపు ముందు చక్రంతో మొదలుపెట్టారు. జాకీ ఎక్కించారు, కింద స్టాండు పెట్టారు, చక్రం విప్పారు, పాత బ్రేకు ప్యాడ్లు తీసి కొత్తవి వేశారు. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా చేశారు. చివర్లో పెట్టెలోంచి ఒక పొడుగాటి పానా తీశారు. బోల్టు ఎంత బిగించాలో దాని మీద అంకె పెట్టుకుంటే, అంత బిగియగానే అది టక్కుమంటుందట. బ్రేకును పట్టి ఉంచేవి రెండు బోల్టులు, రెండుసార్లు టక్కుమంది. కాగితం మీద రెండు టిక్కులు పడ్డాయి. చక్రం ఎక్కించి, నా వైపు చూసిన చూపులో పట్టాభిషేకానికి తక్కువేమీ లేదు.

"ఇప్పుడేమంటాడో మీ తమ్ముడు?"

తమ్ముడు అనడం దాకా రానేలేదు, కుడి చక్రమే అంది. ఆ పక్క కింది బోల్టు తుప్పు పట్టి ఉంది. మా ఆయన సాకెట్ తగిలించి బలంగా లాగారు. సాకెట్ జారింది, వేలు చీరుకుంది. మళ్లీ లాగారు, మళ్లీ జారింది. మూడోసారికి బోల్టు తలకున్న ఆరు మూలలూ అరిగి అది గుండ్రంగా తయారైంది. ఇక దాన్ని పట్టుకునే మొనగాడు పెట్టెలో ఉన్న నూట పన్నెండు మందిలో ఒక్కడూ లేడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"సబ్బు అయిపోయినట్టుంది, తెస్తా," అని వెళ్లారు. సబ్బుతో పాటు ఒక పట్టకారు వచ్చింది. అదీ జారింది. కాసేపటికి ఇంకోసారి సబ్బు అయిపోయింది. ఈసారి పట్టకారుకు అన్నగారు వచ్చారు. అదీ జారింది. మరో రెండుసార్లు కూడా సబ్బు అయిపోయింది. మధ్యాహ్నం రెండైంది. కారు ఒక కాలెత్తి నిలబడి ఉంది, ఇంట్లో నాలుగు సబ్బులు పోగయ్యాయి, నాకు తెల్లవారితే ఉద్యోగం.

నేను లోపలికెళ్లి తమ్ముడికి ఫోను చేశాను. ఆయన కిటికీలోంచి విన్నారు. వద్దనలేదు.

మావాడు చెప్పులీడ్చుకుంటూ, చేతిలో తన ఇనప్పెట్టెతో వచ్చాడు. ఆ పెట్టెను సొంత అక్కనైన నన్నే ముట్టుకోనివ్వడు. వచ్చీ రాగానే ఎర్ర పెట్టె ముందు గొంతుక్కూచున్నాడు.

"అబ్బబ్బ, ఏం మెరుపు బావా! షోకేసులో పెట్టుకోక వీటికి పని చెప్తారా ఎవరైనా?"

"నువ్వు వచ్చింది బోల్టు తియ్యడానికి," అన్నారు మా ఆయన.

"తీస్తా. మీరు అలా పక్కకి జరిగి, వేలికి గుడ్డ చుట్టుకోండి."

తన పెట్టెలోంచి ఒక సాకెట్ తీసి, బోల్టుకి తగిలించి, ఒక్క లాగు లాగాడు. జారింది. మా ఆయన ఆకాశం వైపు చాలా ప్రశాంతంగా చూశారు.

మావాడు తల గోక్కున్నాడు. "ఒక్క మూలైనా మిగిల్చారా, పట్టుకోడానికి? బావా, పాడైపోతే ఏడవక్కర్లేని సాకెట్ ఉందా మీ దగ్గర?"

"నూట పన్నెండు ఉన్నాయి," అన్నాను నేను.

బోల్టు కన్నా కొంచెం చిన్న సైజు సాకెట్ ఏరుకున్నాడు. దాన్ని బోల్టు తల మీద పెట్టి సుత్తితో దబదబా బాదాడు. ఎక్కనని మొరాయించిన సాకెట్ నాలుగు దెబ్బలకు కరుచుకుని కూర్చుంది. అప్పుడు తిప్పితే, కుయ్యిమని ఒక్క అరుపు అరిచి బోల్టు కదిలింది. బయటికొచ్చాక చూస్తే సాకెట్, బోల్టు ఇక విడిపోయేలా లేవు.

"చూశావా, నా పెట్టే పనికొచ్చింది!" అన్నారు మా ఆయన.

"పనికొచ్చింది బావా, ఒప్పుకుంటా. నా సాకెట్లని ఇలా కొట్టడానికి నాకు చేతులు రావు. చావుదెబ్బలు తినడానికి చవక సరుకే ఉండాలి."

నవ్వుకున్నాం. తమ్ముడు షెడ్డుకెళ్లి కొత్త బోల్టు తెచ్చాడు, ప్యాడ్లు వేశాడు. బిగించడానికి తన టక్కుమనే పానా తీశాడు. అంకె పొద్దున్నదే. మా ఆయన పక్కనే వంగి చూస్తున్నారు. మావాడు లాగాడు, ఇంకా లాగాడు, భుజం బిగబట్టి ఇంకొంచెం లాగాడు. అప్పుడు టక్కుమంది.

మా ఆయన ముఖంలో రంగు మారింది. ముందు నాకు అర్థం కాలేదు. ఆయన తన చేతిని చూసుకుంటున్నారు. పొద్దున్న ఆ చెయ్యి అంత బలం పెట్టకుండానే చవక పానా టక్కుమంది.

ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మావాడు అప్పటికే పెట్టె సర్దుకుంటున్నాడు. పదిహేనేళ్లలో ఆయన బావమరిదిని ఒక్క సాయం అడగ్గా నేను చూడలేదు.

"ఒరేయ్, ఎడమ చక్రం కూడా ఒకసారి విప్పి చూడవా? రేపు మీ అక్క ఒక్కతే దీంట్లో వెళ్తుంది," అన్నారు.

మావాడు ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు. చక్రం విప్పాడు. తన పానా మొదటి బోల్టుకి తగిలించి లాగాడు. టక్కుమనలేదు. బోల్టు తిరిగింది. సగం చుట్టు తిరిగాక అప్పుడు మోగింది. రెండోదాన్ని తాకకుండా వదిలేశాడు.

నాకు భయమేసింది. ఆ ఆరు మలుపులూ ఒకదాని తర్వాత ఒకటి కళ్ల ముందుకొచ్చాయి. వెంటనే కోపం వచ్చింది, ఆ ఎర్ర పెట్టెను ఎత్తి రోడ్డు మీద గిరాటేయాలన్నంత కోపం. ఇన్నేళ్లు ఆ గొడుగులను చూసి నవ్వినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

మా ఆయన గుమ్మం మెట్టు మీద కూలబడ్డారు. "టక్కుమంది. టిక్కు కూడా పెట్టాను," అన్నారు, ఎవరికో చెప్పుకుంటున్నట్టు.

మా తమ్ముడు ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ పానా ఆయన చేతిలో పెట్టాడు. "ఇది మీరే బిగించండి బావా."

ఆయన లేచి, రెండు చేతులతో పట్టుకుని, మోగేదాకా లాగారు. చక్రం ఎక్కించాక నట్లన్నీ కూడా ఆయన చేతే బిగింపించాడు. ఒక్కొక్కటీ మోగేదాకా మావాడు పక్కనే ఉన్నాడు.

సోమవారం చీకటితోనే బయలుదేరాను. ప్రతి మలుపులో బ్రేకు చెప్పినట్టు విన్నది. పావుగంట ముందే చేరాను. మొదటి మనిషికి మొదటి సూదికే నరం దొరికింది. పన్నెండేళ్లయినా చెయ్యి మరిచిపోలేదని అక్కడే కళ్లు చెమర్చాయి.

టక్కుమనే చవక పానాను మా ఆయన తనే ఇనప సామాను బండికి వేసేశారు. మిగతా పెట్టె ఇంట్లోనే ఉంది. సుత్తి మేకులకు బాగుంది, స్క్రూడ్రైవర్లు డబ్బా మూతలకు బాగున్నాయి.

మా తమ్ముడు మాత్రం ఆ ఆదివారం కథను చుట్టాలింట్లో ఎక్కడ కూర్చున్నా ఎత్తుకుంటాడు. నాలుగు సబ్బులు, పట్టకారు అన్నగారు, బోల్టు తల మీద సాకెట్‌ను బాదడం, అన్నీ అభినయించి మరీ చెబుతాడు. మా ఆయన కూడా పకపకా నవ్వుతారు. కుడి చక్రం అయ్యేసరికి మావాడు, "అక్కా, కాసిని మంచినీళ్లు," అని లేచిపోతాడు. బావను జీవితాంతం ఏడిపించడానికి సరిపడా సరుకు ఎడమ చక్రం దగ్గరే ఉంది. ఆ మాట ఇంతవరకూ ఒక్కరి దగ్గరా ఎత్తలేదు.