నల్లనేల

ఆ శనివారం ఇంట్లో ఎవరెవరున్నారంటే, పొయ్యి పక్క ఊగే కుర్చీలో అత్తగారు హిల్మా. బల్ల దగ్గర మొగుడు తౌనో. అడవిదారిన స్కీల మీద వచ్చి, తడిసిన మేజోళ్లు పొయ్యి మీద ఆరేసుకున్న మరిది వేక్కో. కిటికీ దగ్గర ఏదో కుట్టుకుంటున్న పదిహేనేళ్ల కూతురు రైలి. జిల్లా పత్రిక నుంచి వచ్చిన విలేకరి. ఆ ఇంటి కోడలు ఇర్యా కూడా ఉంది గానీ, కాఫీ పోస్తూ ఉంది కాబట్టి ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"చీపురు తలుపుకి అడ్డంగా లేదు, అమ్మయ్య, మనుషులున్నారు అనుకున్నానండీ," అన్నాడు విలేకరి బూట్ల మీది మంచు దులుపుకుంటూ. ఆ ఊళ్లో తాళాలు వేసే అలవాటు లేదు. ఇంట్లో ఎవరూ లేకపోతే మెట్ల మీది కొమ్మల చీపురును తలుపుకు అడ్డంగా ఆనించి పోతారు. చూసినవాళ్లు వెనక్కి తిరుగుతారు.

ఆ ఏడు క్రిస్మస్ దాకా నేల నల్లగానే ఉండిపోయింది. మంచు పడటం మొదలై మూడు వారాలే అయింది. అందుకే పత్రికవాళ్లు ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నారు, చలికాలమంతా ఇంటి చుట్టూ మంచు నిలిచి ఉండాలా అని, ఉంటే ఎంత ఉండాలి అని.

"నవంబర్లో పడాలి, మే దాకా కదలకూడదు. నడుం లోతు వెయ్యండి," అన్నాడు వేక్కో, విందులో ఇంకాస్త వడ్డించమన్నట్టు.

"అంతొద్దులే, మోకాలి లోతు చాలు," అన్నాడు తౌనో. "మంచు లేకపోతే అడవిలోంచి దుంగలు ఎలా కదుల్తాయండీ? అయినా ఆ తెలుపు చూస్తుంటేనే మనసుకి హాయి."

"వెలుతురు నాయనా, వెలుతురు," అంది హిల్మా. "మంచు లేకపోతే రెండింటికే చీకటి. పైగా మేం తివాచీలన్నీ మంచులోనే దులుపుతాం. సబ్బుకి కూడా రాని శుభ్రం వస్తుంది."

మేం. ఇర్యా ఆమె కప్పులో కాఫీ పోసింది. పన్నెండు తివాచీలు. ఒక్కొక్కటీ బయటికి ఈడ్చి, మంచులో బోర్లా పరిచి, కర్రతో బాది, తిరగేసి మళ్లీ బాదేది ఇర్యా. ఎక్కడైనా మరక మిగిలితే హిల్మా లోపలి నుంచి కిటికీ అద్దం మీద వేలి కణుపుతో టక్‌టక్ కొట్టి చూపించేది. అదీ ఆ 'మేం'లో ఆవిడ వంతు. ఇక దారులు. గుమ్మం నుంచి బావికి ఒకటి, బావి నుంచి ఆవుల కొట్టానికి ఒకటి, కట్టెల పాకకు, ఆవిరిస్నానాల గదికి, పాలక్యాన్లు పెట్టే రోడ్డు అరుగుకు. పాలు పితకడానికి ముందే ఐదు దారుల్లోనూ పారతో మంచు తోయాలి. తోసి లోపలికొచ్చి చేతులు కాచుకునేసరికి మొదటి దారి మళ్లీ తెల్లగా అయ్యేది. పెళ్లయిన ఏడు తౌనో అన్నాడు, "నా నడుం సంగతి తెలుసుగా." పదిహేడేళ్లుగా ఆమెకు తెలుసు.

ఈ చలికాలం నవంబరు, డిసెంబరు నెలల్లో మాత్రం ఆమె రబ్బరు బూట్లు వేసుకుని నేరుగా బావికి నడిచింది, నేరుగా తిరిగొచ్చింది. నేల ఎలా ఉన్నదో అలాగే ఉంది. పొద్దున్నే ఒక అరగంట ఒళ్లో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. "ఈ చీకట్లో పిచ్చెక్కుతోందే," అని హిల్మా విసుక్కుంటే, "అవునత్తయ్యా," అంది, దొంగసొత్తు దాచుకున్నట్టు సంతోషాన్ని దాచుకుని.

"నువ్వేమంటావమ్మా?" విలేకరి రైలిని అడిగాడు. ఆ పిల్ల ముఖం చెవుల దాకా ఎర్రబడింది. నోరు తెరిచింది.

"దానికీ ఇష్టమేలెండి," అన్నాడు తౌనో.

"చేతులు బాగా బలపడ్డాయి దానికి," అంది హిల్మా దీవిస్తున్నట్టు. "వచ్చే ఏడు బావిదారి అదే తోస్తుంది."

రైలి తలెత్తి తల్లిని చూసింది. ఇర్యా చెయ్యి ఏప్రన్ జేబులోకి పోయింది. అందులో నాలుగు రోజులుగా అక్క ఉత్తరం ఉంది. దేశానికి దక్షిణపు కొసన, హాంకోలో ఉంటుంది అక్క. 'ఇక్కడ మంచు పడినా రెండు రోజులు నిలవదు. బడి వంటింట్లో నీకు పని చూశాను. రైలిని కూడా తీసుకురా, చదువుకుంటుంది. శనివారంలోగా ఫోన్ చెయ్యి, లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు.' ఫోన్ ఉన్నది ఊళ్లో దుకాణంలో. శనివారాలు మూడింటికి మూసేస్తారు. బుధవారం ఆ ఉత్తరం చూపిస్తే తౌనో పైపైన చదివి నవ్వాడు. "ఆ బురదలో ఏం చేస్తావే? మూడోరోజుకే ఏడుస్తూ వస్తావ్." అంతటితో ఆ మాట అయిపోయింది.

"ఫొటో తీసుకుందామా? బయట, పార పట్టుకుని నిలబడితే బావుంటుంది," అన్నాడు విలేకరి.

తౌనో లేచి కిటికీలోంచి చూశాడు. "పొద్దుట్నుంచీ మళ్లీ పడింది. ఇర్యా, మెట్లు, దారి కాస్త తోసెయ్, ఈలోగా కాఫీ ముగిస్తాం. తర్వాత ఆ పార నాకిద్దువుగాని. నా నడుం సంగతి తెలుసుగా."

"ఆ నొప్పి పారకే వస్తుంది అన్నయ్యా, స్కీలకి రాదు!" అన్నాడు వేక్కో. అందరూ నవ్వారు. ఇర్యా కూడా నవ్వింది, అలవాటు కొద్దీ.

ఏప్రన్ మీదే కోటు వేసుకుంది. తలుపు తీసి మెట్టు మీద కాలు పెట్టాక, విలేకరికి మర్యాద గుర్తొచ్చినట్టుంది.

"మరి మీరండీ? మీకూ మంచు ఇష్టమేగా?"

ఇర్యా వెనక్కి తిరిగింది. పదిహేడేళ్లలో ఆ ప్రశ్న ఆమెను అడిగింది ఈ దారిన పోయే మనిషి ఒక్కడే.

"ఇష్టం లేదండీ. నాకు నల్లనేలే ఇష్టం."

ఊగే కుర్చీ ఆగింది.

"వదిన జోకులేస్తోంది," అన్నాడు వేక్కో.

"జోకు కాదు. మీకు మంచు కిటికీలోంచి కనిపిస్తుంది. నాకు..."

"తలుపెయ్యవే! చలంతా లోపలికొస్తోంది," అంటూ తౌనో వచ్చి పిడి పట్టుకున్నాడు. ముఖంలో కోపమేం లేదు. గాలొస్తే ఎలా మూస్తారో అలా మూశాడు. లోపల ఆయన గొంతు వినిపించింది. "అది రాయకండి. ఆవిడకి పొద్దుట్నుంచీ తలనొప్పి."

గోడకు ఆనించి పార ఉంది. దాని పిడికి తను చుట్టిన పాత మేజోడు తన అరచేతుల ఆకారానికి అరిగిపోయి ఉంది. ఇర్యా దాన్ని ముట్టుకోలేదు. పాకలోంచి, మంచు మీద కాలితో తన్నుకుంటూ తోసుకుపోయే జారుడుబండి తీసింది. దుకాణానికి అరగంట. రెండే అయింది ఇంకా. ఫోన్‌లో అక్కకి ఇద్దరం వస్తున్నాం అని చెప్పాలి, అంతే.

వెళ్లబోతూ మళ్లీ మెట్లెక్కి, కొమ్మల చీపురు తీసుకుని, మూసిన తలుపుకు అడ్డంగా ఆనించింది. కిటికీలోంచి రైలి చూస్తోంది. చూసి, ఎవరికీ చెప్పకుండా కుట్టు మీదికి తల వంచుకుంది. లోపల ఐదుగురు మనుషులున్నారు. దారిన పోయేవాళ్లకు మాత్రం, ఆ ఇంట్లో ఎవరూ లేరు.