మూడున్నర టన్నుల భరోసా

వసంతకి కిడ్నీలు పాడై రెండేళ్ళయింది. కెల్లీవిల్‌లో వాళ్ళ పడకగదిలోనే మంచం పక్కన ఒక యంత్రం ఉంటుంది. పడుకునే ముందు పొట్టకున్న సన్నని గొట్టాన్ని దానికి తగిలించుకుంటే, తెల్లవారేలోగా అది పన్నెండు లీటర్ల మందునీళ్ళు దఫదఫాలుగా లోపలికి పంపి, మలినంతో సహా బయటికి లాగేస్తుంది. కిడ్నీ మార్పిడి వరసలో ఆమె పేరు ఇంకా ఎక్కలేదు. గుండె పరీక్షలు మిగిలి ఉన్నాయి.

పగలు మాత్రం ఆమె మామూలుగానే ఉంటుంది. చైల్డ్‌కేర్‌లో ఉద్యోగం మానేశాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాలేదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఉన్నట్టుండి అంది:

"పెర్త్ వైపు సముద్రం చూడాలని ఉందండీ. ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఒక్క తూర్పు అంచే చూశాం."

ఆమె భర్త రామానుజం ఒక బ్యాంకులో రిస్క్ విభాగంలో పనిచేస్తాడు. ఏ పని ఎక్కడ చెడే అవకాశం ఉందో ముందే పసిగట్టి రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఆ పూటంతా ఆలోచించి, సాయంత్రం టీ తాగుతూ, "ఇన్నేళ్ళు పనిచేసినందుకు లాంగ్ సర్వీస్ లీవ్ వస్తుందిగా, అది పెడతాను. రోడ్డు మీదే వెళ్దాం. నీ మెషీన్‌తో సహా," అన్నాడు.

మామూలు కారవాన్‌లో ఆ యంత్రాన్ని మంచం పక్కన పెట్టే చోటు దొరకలేదు. అందుకని టూవూంబా అనే ఊళ్ళో ఒక ముసలి దంపతుల దగ్గర పాత ఫిఫ్త్ వీలర్ కొన్నాడు. అదీ చక్రాల మీద ఇల్లే గాని, బండి బంపరుకి తగిలించేది కాదు. దాని ముందు భాగం పైకి లేచి, లాగే బండి వెనకున్న సామాను ట్రే మీదికి వచ్చి, అక్కడ బిగించిన హిచ్ అనే కొక్కెంలో పిన్నుతో కూర్చుంటుంది. ఆ పైకి లేచిన భాగంలోనే పడకగది. యంత్రానికి కావలసినంత చోటు. దాన్ని లాగడానికి వెనక తెరిచిన ట్రే ఉండే నాలుగు తలుపుల బండి, యూట్ ఒకటి తీసుకున్నాడు. యూట్ మూడు వేల అయిదొందల కిలోలు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది. ఫిఫ్త్ వీలర్ నిండా నింపినా మూడు వేల మూడొందలు దాటకూడదని దానికి కొట్టిన రేకు మీద ఉంది. రెండొందలు మిగులు. అంతకన్నా భరోసా ఏం కావాలనుకున్నాడు.

హిచ్ బిగించింది ముఖ్తార్. నల్గొండ మనిషి. బ్లాక్‌టౌన్ దగ్గర చిన్న వర్క్‌షాపు నడుపుతాడు. బిగింపు అయ్యాక చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"అన్నా, బయలెల్లే ముందు సామానంత నింపి ఒక్కసారి కాంటా ఎక్కియ్యి."

"మూడున్నర టన్నులు లాగుతుందిగా ముఖ్తార్. మనది మూడు మూడొందలే."

"లాగుడు వేరు, మోసుడు వేరన్నా. మామూలు కారవాన్ అయితే ఎనక నుంచి గుంజుకొస్తది. ఇది నీ బండి నడుం మీద కూసుంటది. దాని బరువుల ఐదో వంతు నీ ట్రేలనే. దానికి తోడు నువ్వు, వదిన, డీజిలు, ఈ హిచ్చు. ఇవన్ని మోసేది గా నాలుగు టైర్లే. బండి మోసే లెక్క ఒకటుంటది, మొత్తం జోడీకి లెక్క ఇంకోటుంటది. బ్రోషర్‌ల పెద్దగ రాసేది లాగుడు లెక్క ఒక్కటే."

ఆ శనివారం ఇద్దరూ కలిసి బండిని ఒక ఇసుక యార్డులోని కాంటాకి తీసుకెళ్ళారు. వసంత ఇంట్లోనే ఉంది. ముందు యూట్ ఒక్కదాన్నే ఎక్కించారు. తర్వాత ఫిఫ్త్ వీలర్ తగిలించి యూట్ చక్రాలు మాత్రం, చివరికి మొత్తం. ముఖ్తార్ చీటీ వెనకాల పెన్నుతో లెక్క వేశాడు. తన సొంత బరువుతో కలిపి యూట్ మోయగలిగింది మూడు వేల రెండొందలు. మోస్తున్నది మూడు వేల నాలుగొందల పది. జోడీ మొత్తం ఆరు వేలు దాటకూడదు. డెబ్భై దాటింది.

"ముందల అల్మారల ఏమున్నయన్నా? బరువంత ఆడనే ఉంది."

రామానుజం తెరిచి చూపించాడు. పడకగది కింద అల్మారా నిండా, యూట్ వెనక సీటు నిండా అట్టపెట్టెలు. రెండు వారాలకి సరిపడా మందునీళ్ళు. దాదాపు నూట ఎనభై కిలోలు.

ముఖ్తార్ చీటీ రామానుజం చేతికిచ్చాడు. తర్వాత మెల్లగా, "వదినకు చెప్పన్నా. ఎట్లన్న సర్దుకోవచ్చేమో అడుగు," అన్నాడు.

"చెప్పలేను."

"ఎందుకు?"

రామానుజం అల్మారా తలుపు మూశాడు. కిందటేడు మెల్‌బోర్న్‌లో ఒక పెళ్ళికి పిలిస్తే వసంత వెళ్ళలేదు. ఫోన్లో వాళ్ళతో నవ్వుతూ, "అందరూ సూట్‌కేసుతో వస్తారు, నేను గోడౌన్‌తో రావాలి," అంది. ఫోన్ పెట్టేశాక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. కుళాయి తిప్పి ఉంచినా ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు ఈ చీటీ తీసుకెళ్ళి చూపిస్తే, నీ వల్లే బరువెక్కువైందని చెప్పినట్టే. ఆ మాట ఎలా చెప్పినా ఆమెకి అలాగే వినిపిస్తుంది.

తనే సర్దాలనుకున్నాడు. ఆదివారం ఆమె కూరగాయలకి వెళ్ళినప్పుడు ఫిఫ్త్ వీలర్ వెనకవైపు నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాడు. వెనక చట్రానికి కట్టిన రెండు సైకిళ్ళు విప్పాడు. వెనక అరల్లోని మడతకుర్చీలు, పనిముట్ల పెట్టె, బార్బెక్యూ స్టవ్ గరాజ్‌లోకి చేర్చాడు. అంతా కలిపి రెండొందల యాభై కిలోలు తగ్గి ఉంటుందని లెక్క కట్టుకుని స్థిమితపడ్డాడు.

బుధవారం ముఖ్తార్ ఫోన్ చేశాడు.

"మళ్ల కాంటా ఎక్కిచ్చినవా అన్నా?"

"ఆ, అయిపోయింది. సరిపోయింది," అన్నాడు రామానుజం.

అబద్ధం చెప్పడం అతనికి అలవాటు లేదు. సెలవు మొదలవడానికి రెండు రోజులే ఉన్నాయి, కాంటాకి వెళ్ళి వచ్చే తీరిక లేదని తనకి తనే చెప్పుకున్నాడు. నిజానికి ఆ రెండో చీటీలో ఏముంటుందోనని అతనికి భయంగా ఉంది.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. మొదట హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి బండి పూజ చేయించారు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. వసంత కొత్త చీర కట్టుకుంది. ప్రసాదం పులిహోర ఫిఫ్త్ వీలర్ మెట్టు మీద కూర్చుని తింది. చాలా రోజుల తర్వాత ఆమె కాళ్ళూపుతూ కూర్చోవడం చూశాడు రామానుజం. చెప్పకపోవడమే మంచిదయిందనుకున్నాడు.

అక్కణ్ణించి దక్షిణంగా వెళ్తే మౌంట్ ఔస్లీ దిగుడు. కొండ మీంచి వలంగాంగ్ దాకా రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. లారీలు తక్కువ గేర్‌లో దిగాలని పొడవునా బోర్డులున్నాయి. రామానుజం గేరు మార్చలేదు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగసాగాడు.

మొదటి మలుపులోనే స్టీరింగ్ తేలిపోతున్నట్టనిపించింది. తిప్పినంత తిరగడం లేదు. బండి ముక్కు పైకి లేచినట్టుంది, ముందు చక్రాలకి రోడ్డు మీద పట్టు లేదు. రెండో మలుపు దాటేసరికి కాలిన వాసన వచ్చింది. పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది.

"ఏదో కాలుతోందండీ," అంది వసంత.

అతను పెడల్‌ని పదేపదే తొక్కాడు. ఆమె అతని మొహం చూసి, ఇంకేమీ అడగకుండా డాష్‌బోర్డు పట్టుకుంది. ముందు ఒక సిమెంటు లారీ నెమ్మదిగా దిగుతోంది. దానికీ వీళ్ళకీ మధ్య దూరం తగ్గిపోతోంది. ఎడమపక్క బ్రేకులు పోయిన లారీల కోసం కంకర పోసిన పక్కదారి కనిపించింది. రామానుజం స్టీరింగ్ అటు తిప్పేశాడు.

కంకరలో చక్రాలు కూరుకుపోయాయి. పెద్ద చప్పుడయింది. సీటుబెల్టు గుండెకి బిగుసుకుంది. తర్వాత అంతా ఆగిపోయింది.

ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. వసంత దిగి కంకరలో నిలబడింది. హిచ్ దగ్గర ట్రే వంగిపోయింది. పడకగది గోడ చీలింది. లోపల పెట్టెలు పగిలి, చక్కెర కలిసిన మందునీళ్ళు తలుపు సందులోంచి ధారగా కారుతున్నాయి. యంత్రం బోర్లా పడి ఉంది.

పావుగంటలో పోలీసు వచ్చాడు. ముందు ఇద్దరికీ దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడు. తర్వాత యూట్ చుట్టూ తిరిగి, వెనక టైర్ల మీద వంగి చూసి, దీని బరువెంతో తెలుసా అని రామానుజాన్ని ఇంగ్లీషులో అడిగాడు.

తెలియదని చెప్పొచ్చు. వసంత పక్కనే ఉంది.

"తెలుసు," అన్నాడు రామానుజం. "కిందటి శనివారం తూయించాను. రెండొందల పది ఎక్కువుంది. తర్వాత కొంత సామాను తీశాను గానీ మళ్ళీ తూయించలేదు."

పోలీసు రాసుకుని, బండిని లాక్కెళ్ళే లారీని పిలవడానికి తన కారు దగ్గరికి వెళ్ళాడు. వసంత అక్కడే నిలబడి ఉంది.

"శనివారం నుంచి తెలుసా?"

"ఊఁ."

"ఏం తీసేస్తే సరిపోయేది?"

అతను కంకర వైపు చూశాడు.

"నా పెట్టెలా?"

"నువ్వు బాధపడతావని."

వసంత గొంతు పెంచలేదు. "వాటిని మోసుకెళ్ళక్కర్లేదండీ. ముందుగా చెప్తే ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరికే పంపిస్తారు. క్లినిక్‌లో సిస్టర్ నాకు ఎప్పుడో చెప్పింది. ట్రిప్ అనుకున్న రోజే ఫోన్ చేద్దామనుకున్నాను. సప్లై సంగతి నేను చూసుకుంటా, నువ్వు రెస్ట్ తీసుకో అన్నది మీరే."

అతనికి గుర్తుంది. ఆ మాట ప్రేమగానే అన్నాడు.

"నన్ను బాధపెట్టకూడదని నన్నే కొండ మీంచి దింపారు," అంది ఆమె. "నా ఒంటి సంగతి నాకు చెప్పడానికి కూడా నేను పనికిరానా?"

ఆ సాయంత్రం కొండ కింద ఊళ్ళోని ఆస్పత్రిలో నర్సు వసంతకి చేత్తో మార్చుకునే సంచులిచ్చింది. యంత్రం లేకుండా, సంచిని స్టాండుకి తగిలించి రోజుకి నాలుగుసార్లు మార్చుకోవడం. వసంత శ్రద్ధగా నేర్చుకుంది. రామానుజం సాయం చేయబోతే, "నేను చేసుకుంటాను," అంది.

మరుసటి వారం ముఖ్తార్ ఇంటికొచ్చాడు. కాఫీ ముట్టుకోలేదు. వెనక సామాను ఏమేం తీశాడో రామానుజం చెబుతుంటే తల అడ్డంగా ఊపాడు.

"అది తక్కెడ లెక్కన్నా. ఎనక తీస్తే ముందల దిగుతది. నువ్వు బరువు తగ్గియ్యలే, తీస్కపోయి పిన్ను మీద పెట్టినవ్. ఇంకోసారి కాంటా ఎక్కిస్తే అక్కడనే తెలిసేది." కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు. "సరిపోయిందన్నవ్. నేను నమ్మిన. ఆ హిచ్చు నా చేతుల తోని బిగించిన. మీకేమన్న అయితే నేనేం కావాలె?"

రామానుజం క్షమించమని అడిగితే, ముఖ్తార్ "సరేలే అన్నా" అని లేచాడు గానీ ఆ తర్వాత నెలల తరబడి తనంతట తాను ఫోన్ చేయలేదు.

ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగినప్పుడూ రామానుజం ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలిసి ఎక్కువ బరువుతో నడిపినందుకు పైసా కూడా ఇచ్చేది లేదని రాశారు. ఫిఫ్త్ వీలర్ తుక్కుకి పోయింది. ఆఫీసులో అతను మునుపటిలాగే రిస్కులు రాస్తున్నాడు. కానీ ఏదైనా ఫైలు మీద "ఆమోదయోగ్యం" అని రాయాల్సి వస్తే అతని చెయ్యి ఆగుతోంది. ఇంట్లో వసంత అవసరమైనంత మేరకే మాట్లాడేది. క్లినిక్‌కి తనే కారు నడుపుకుంటూ వెళ్ళేది. పెట్టెల ఆర్డరు తనే ఇచ్చేది.

మూడు నెలల తర్వాత ఒకరోజు కూరలు తరుగుతూ చెప్పింది.

"పెర్త్‌కి ఫ్లైట్ చూశాను. సంచులు అక్కడి లాడ్జికి పంపిస్తామన్నారు. తొమ్మిది రోజులు. మీరూ వస్తే రెండు టికెట్లు తీసుకుంటాను."

"రమ్మంటావా?"

"నేను పిలవక్కర్లేదు. మీకు రావాలనుంటే రండి."

వెళ్ళారు. మొదటి రెండు రోజులూ లాడ్జి చుట్టుపక్కలే నడిచారు. మూడో రోజు ఉత్తరంగా తీరం వెంట వెళ్దామని అద్దె కారు తీసుకున్నారు. రామానుజం డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఏమైంది?" అంది వసంత.

సీటు సరిచేసుకుంటున్నానని చెప్పబోయాడు. ఆగాడు.

"ఆ రోజు నుంచీ దిగుడు వస్తే కాళ్ళు వణుకుతున్నాయి. ఆఫీసుకి కూడా కారు స్టేషన్‌లో వదిలేసి రైల్లోనే వెళ్తున్నాను. నీకు చెప్పలేదు."

వసంత అతని వైపు చూసింది. ఆమె మొహంలో కోపం పూర్తిగా పోలేదు.

"ఇటు రండి," అని దిగి అవతలి వైపు వచ్చింది.

అతను పక్క సీట్లోకి మారాడు. ఆమె సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని బండి తీసింది. ఊరు దాటాక రోడ్డు ఒక చిన్న గుట్ట ఎక్కి దిగింది. అతను తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె అది చూసి వేగం తగ్గించింది.