సందు చూపినవాడెవడు

బెల్టన్ జట్టు చేతిలో ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే కోచ్ ఫెడార్చక్ గస్ మారెన్కోను తన గదికి పిలిపించాడు. లోపల మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. గస్ బయటికి వచ్చి లాకర్ గదిలో బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పేశాడు. విప్పాక చూసుకుంటే అవి ఇంటి నుంచి వేసుకొచ్చిన మామూలు బూట్లు. మళ్ళీ కట్టుకున్నాడు.

"శుక్రవారం నేను ఆడటం లేదు," అన్నాడు డారిల్‌తో.

డారిల్ కోసిక్‌కి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. శుక్రవారం కార్వర్‌తో ఆట. వాళ్ళ ఊరు మిల్‌రిడ్జ్‌కీ కార్వర్‌కీ మధ్య ఒక నది, నది మీద ఒక వంతెన, తాతల కాలం నాటి పంతం ఉన్నాయి. సీజన్‌లో అదే ఆఖరి ఆట. గస్‌కైతే జీవితంలోనే ఆఖరిది. వేసవిలో నౌకాదళంలో చేరడానికి సంతకం పెట్టేశాడు.

"ఎందుకు?"

"మన సైగలు ఎదుటి జట్లకి నేనే అమ్ముకుంటున్నానట."

డారిల్ మిల్‌రిడ్జ్ స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి నోస్ టాకిల్. బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించే సెంటర్‌కి ఎదురుగా, ఇద్దరి ముక్కులూ రాసుకునేంత దగ్గరగా వంగి కాచుకోవడం అతని పని. సెంటర్‌కి అటొక సందు, ఇటొక సందు. బంతి కదలగానే డారిల్ ఒక సందులోకి దూకుతాడు. రెండోది వెనక నిలబడే లైన్‌బ్యాకర్ గస్‌ది. ఏ వైపు దూకాలో కోచ్ మైదానం బయటి నుంచి చేత్తో సైగ చేస్తాడు. గస్ దాన్ని ఒక్క మాటలో మిగతావాళ్ళకి చెబుతాడు. డారిల్‌ని ఆపడానికి ఎదుటివాళ్ళు ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ అతనికి అతుక్కుపోతే గస్ దారికి అడ్డుండదు. చిన్నప్పటి నుంచీ వాళ్ళిద్దరి ఆట అదే. డారిల్ మోస్తాడు, గస్ పడగొడతాడు.

డారిల్ పక్కన, ఎదుటి సెంటర్ పక్కనుండే గార్డ్ బయటి భుజానికి ఎదురుగా కాచుకునే రే టామ్కో కూడా టాకిలే గానీ, అతని కొలువు వేరు. ఒక్క మనిషిని తప్పించుకుని, మెరుపులా దూరి, బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ మీద పడటమే అతని పని. పేపర్లో పేరు రేది వస్తుంది, ఒంటి మీద మట్టి డారిల్‌కి మిగులుతుంది. డారిల్ అందుకు ఎన్నడూ బాధపడలేదు. మట్టి అతనికి అలవాటే.

అయితే గత రెండు ఆటల్లో వింత జరిగింది. డారిల్ కుడికి దూకాల్సినప్పుడల్లా బంతి ఎడమ సందులోంచి వచ్చింది. ఎడమకి దూకాల్సి ఉంటే కుడి సందులోంచి. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఆఖరి క్షణంలో ఏదో అరిచి ఆట తిప్పేసేవాడు. గస్ ఒంటరిగా, మీదికి దూసుకొచ్చే గార్డ్ కింద పడి నలిగిపోయేవాడు. మాటలు మార్చారు, సైగలు మార్చారు. ఏం మార్చినా ఎదుటివాళ్ళకి ముందే తెలిసిపోయింది.

మొదట అనుమానం పెట్టింది రే. గస్ అక్కని చేసుకున్నవాడు కార్వర్ జట్టులో చిన్న కోచ్. గస్ ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. బావ అడిగాడు, గస్ చెప్పాడు, బావ మిగతా ఊళ్ళకీ పంచిపెట్టాడు. కథ చెప్పుకోవడానికి బాగుంది కాబట్టి ఊరంతా నమ్మేసింది. రే వెళ్ళి కోచ్ చెవిన వేశాడు.

"నువ్వేం చెప్పలేదుగా?" అని డారిల్ అడిగాడు. అడిగిన మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు.

గస్ అతని వైపు చూసి, "మా బావ నన్ను అడిగేది ఒక్కటే, బంగాళాదుంపలు ఇంకొంచెం వేసుకుంటావా అని," అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం డారిల్ చిన్నాన్న కూతురి పెళ్ళి. విందు అగ్నిమాపక కేంద్రం హాల్లో. బండ్లన్నీ బయట పెట్టి లోపల బల్లలు వేశారు. ఒక మూల అకార్డియన్ వాద్యం హోరెత్తుతోంది, ఇంకో మూల మేనత్తలూ పిన్నులూ నెలరోజులు కష్టపడి చేసిన బిస్కెట్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పేర్చి ఉన్నాయి. ఎప్పుడూ ఆ బల్ల దగ్గరే స్థిరపడిపోయే డారిల్‌కి ఈసారి ఏదీ గొంతు దిగలేదు.

"తినకపోతే పక్కకి జరుగు. నీ వెనక ఆప్రికాట్ జామువి ఉన్నాయి."

మాటన్నది టెడ్డీ బ్రిస్కీ. బెల్టన్ జట్టు సెంటర్. పెళ్ళికొడుకుకి ఏదో వరస. నిన్న రాత్రి ఆటంతా డారిల్ మొహంలోకి ఊపిరి వదిలిందీ, ఉల్లిపాయ వాసన కొట్టిందీ ఇతనే. ఇప్పుడు కోటు తొడుక్కుని, పళ్ళెంలో బిస్కెట్ల గోపురం కట్టుకుంటున్నాడు.

ఓడిపోయిన బాధ ఒకటి, గస్ బాధ ఇంకొకటి. డారిల్ మొహం తిప్పుకోబోయాడు. అంతలోనే ఏదో తట్టి ఆగాడు. బెల్టన్ ఆటలు అయిపోయాయి. పైగా నెల కిందట బెల్టన్‌ని కార్వర్ చిత్తుచిత్తుగా కొట్టింది. టెడ్డీకి ఇక దాచాల్సిన అవసరం లేదు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. మా సైగలు మీకెవడు చెప్పాడు?"

టెడ్డీ నమలడం ఆపి, "నిజంగా తెలీదా?" అన్నాడు.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

"నువ్వే."

డారిల్ పిడికిలి బిగించాడు. టెడ్డీ పళ్ళేన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు. కొట్టేముందు ఒక్కసారి వంగమన్నాడు, ఆటలో వంగినట్టే. నేను బంతి పట్టుకున్నాననుకో, నువ్వు కుడికి దూకాలనుకో అన్నాడు. డారిల్ ఒక క్షణం తటపటాయించి, పెళ్ళి కోసం కుట్టించిన ప్యాంటుతో, నాట్యమాడుతున్న జంటల మధ్యలో నేల మీద చెయ్యి ఆనించి వంగాడు.

"ఇప్పుడు కదలకుండా నీ ఎడమకాలు చూసుకో."

డారిల్ తల వంచి చూశాడు. ఎడమకాలు జానెడు వెనక్కి జరిగి ఉంది. బూటు ముందుభాగం నేలకి గట్టిగా గుచ్చుకుని ఉంది. తాను జరిపినట్టు అతనికి గుర్తే లేదు.

"ఎడమకి అనుకో," అన్నాడు టెడ్డీ.

ఈసారి కుడికాలు వెనక్కి వెళ్ళింది, దానంతటదే. దానితోపాటే ప్యాంటు వెనక కుట్టు సర్రున విడిపోయింది. వాద్యం సరిగ్గా అప్పుడే ఆగింది. హాలంతా విన్నది. పిన్నులు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

టెడ్డీ కోటు విప్పి అతని నడుముకి చుట్టాడు. కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. "ఆటకి ముందు రెండు జట్లూ తమ పాత ఆటల ఫిల్ము ఒకరికొకరు పంపుకోవాలి కదా. మీ ఊరి నుంచి వచ్చిన ఫిల్ములో మా కోచ్ నీ పాదాల గుట్టు కనిపెట్టాడు. నిన్న నేను నీ మొహం ఒక్కసారి కూడా చూడలేదు, కాళ్ళే చూశాను, చూసి క్వార్టర్‌బ్యాక్‌కి ఒక మాట వేశాను."

"కార్వర్‌కీ అదే ఫిల్ము వెళ్ళి ఉంటుందిగా," అన్నాడు డారిల్.

"వెళ్ళకేం. వాళ్ళ కోచ్‌కి కళ్ళున్నాయి. నువ్వు వాళ్ళని ఓడిస్తే నాకు సంతోషం. ఇంక తిను."

డారిల్ తిన్నాడు.

సోమవారం బడి వదలగానే డారిల్, కోచ్ ఫెడార్చక్ తరగతి గదిలో కర్టెన్లు దించి, అతని చేత ప్రొజెక్టర్ తిప్పించాడు. కోచ్ మొదట విసుక్కున్నాడు. ఆ ఫిల్ములు తాను కంఠతా వచ్చేదాకా చూశానన్నాడు. చూశాడు నిజమే, కానీ అందరిలాగే బంతి ఎటు పోతే అటే చూశాడు. గోడ మీద బంతి లేని చోట, గుంపు మధ్యలో, ఒక లావుపాటి కుర్రాడి పాదాలు ఏం చేస్తున్నాయో ఎవరు చూస్తారు?

ఎడమకాలు వెనక్కి. కుడికి దూకాడు. కోచ్ ఫిల్ము వెనక్కి తిప్పాడు. కుడికాలు వెనక్కి. ఎడమకి దూకాడు. ఇంకొకటి చూశాడు. ఇంకొకటి. రీలు అయిపోయి తోక టపటపా కొట్టుకుంది.

"నన్ను కూర్చోబెట్టండి కోచ్," అన్నాడు డారిల్. "గస్‌ని కాదు."

"నిన్ను కూర్చోబెడితే ఆ మధ్యలో ఎవణ్ణి నిలబెట్టను, మా ఆవిణ్ణా?" అని కోచ్ లైటు వేశాడు. మొహం ఎర్రగా ఉంది. "పడవలంత పాదాలురా నీవి. సీజనంతా నా కళ్ళ ముందే ఉన్నాయి. వెళ్ళి గస్‌ని పిలుచుకురా."

గస్ వచ్చాడు. కోచ్ అతని ముందు నిలబడి, తనది తప్పని, రే మాట విని తొందరపడ్డానని చెప్పాడు. అంత పెద్దమనిషి అలా చెబుతుంటే గస్‌కి ఎటు చూడాలో తెలియలేదు. గదిలోంచి బయటపడ్డాక డారిల్ తానూ క్షమాపణ మొదలుపెట్టబోయాడు.

"నీ వెనకే కదరా నిలబడ్డాను ఇన్నాళ్ళూ, నేనెందుకు చూడలేదంటావ్?" అన్నాడు గస్ ఆలోచిస్తున్నట్టు. "నా ముందు కనబడేది కాళ్ళు కాదు. కొండ."

అంతే, ఇద్దరూ గోడకి చేరబడి నవ్వారు. ఆ వారమంతా గస్ హెల్మెట్, బూట్లు, తడి తువ్వాళ్ళు మోసే పని రే తన నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు.

కాలు కదలకుండా ఉండటం నేర్పిద్దామన్నాడు కోచ్. డారిల్ వద్దన్నాడు. వాళ్ళు ఎలాగూ కాలే చూస్తారు, దానితోనే అబద్ధం చెప్పిద్దాం అన్నాడు. చెప్పడం సులువే. ఎడమకాలు వెనక్కి గుచ్చి ఎడమకే దూకాలంటే ఒళ్ళు ఒప్పుకోదు. మంగళవారమంతా డారిల్ బోర్లాపడ్డాడు. బుధవారం పక్కకి పడ్డాడు. బాతుకి బ్యాలే నేర్పుతున్నట్టుందన్నాడు రే. గురువారం సాయంత్రానికి బాతు పడకుండా నాలుగుసార్లు దూకింది.

శుక్రవారం వంతెన ఖాళీ అయిపోయింది. రెండు ఊళ్ళూ మైదానంలోనే ఉన్నాయి. కార్వర్ సెంటర్ బబుల్‌గమ్ నములుతూ వంగాడు, డారిల్ మొహం చూడలేదు, కిందికే చూశాడు. వెనక్కి జరిగిన ఎడమకాలు కనబడింది. "గోధుమ," అని తమ గుర్తుమాట మెల్లగా వేశాడు. క్వార్టర్‌బ్యాక్ అరిచి ఆట తిప్పాడు. బంతి పట్టుకున్నవాడు ఖాళీగా ఉండాల్సిన ఎడమ సందులోకి తల దూర్చాడు. అక్కడ డారిల్ ఉన్నాడు.

మొదటి సగమంతా అలాగే సాగింది. మూడో భాగంలో సెంటర్ నమలడం ఆపి, పళ్ళికిలించాడు. "దొంగవి రా నువ్వు," అన్నాడు కాస్త మెచ్చుకోలుగానే. ఆ తర్వాత వాళ్ళు ఆ కాలిని తిరగేసి చదవడం మొదలెట్టారు. డారిల్ మళ్ళీ నిజం చెప్పించాడు. కాసేపు వాళ్ళది పైచేయి, కాసేపు వీళ్ళది. చివరికి పది, ఏడు. మూడు పాయింట్లు మిల్‌రిడ్జ్‌వే ఎక్కువ, కానీ బంతి కార్వర్ చేతిలో, మిల్‌రిడ్జ్ గోల్ గీతకి ఒక్క గజం దూరంలో. ఆ గీత దాటితే కార్వర్‌కి ఆరు పాయింట్లు. మిగిలింది ఒకే ఒక్క ఆట.

గస్ మైదానం బయటికి చూశాడు. కోచ్ చెయ్యి లేచింది. లేచి గాల్లో ఆగింది. తర్వాత రెండు అరచేతులూ విప్పి గస్‌కి చూపించాడు. నీ ఇష్టం అని.

వారం కిందట తనను దొంగన్న మనిషి ఆఖరి ఆట తన చేతిలో పెట్టాడు. గస్ డారిల్ వైపు తిరిగాడు.

"ఏ వైపురా?"

"ఏ వైపూ వద్దు," అన్నాడు డారిల్. "రెండు సందులూ నావే. నువ్వు బంతి సంగతి చూసుకో."

గస్ తల ఊపాడు. ఆ మాటే అందరికీ చెప్పాడు.

డారిల్ వంగాడు. సెంటర్‌కి కనబడేలా ఎడమకాలు వెనక్కి జరిపి నేలలో గుచ్చాడు. సెంటర్ ఆ కాలు చూశాడు. నిజమా, అబద్ధమా? నోరు తెరిచాడు, మూశాడు. పక్కనున్న గార్డ్ కూడా ఆ కాలే చూస్తున్నాడు. ఆ గార్డ్ పని గస్ మీదికి పోవడం.

బంతి కదిలింది. డారిల్ ఎటూ దూకలేదు. రెండు చేతులూ సెంటర్ రొమ్ము కింద పెట్టి, ఉన్నచోటే పైకి లేపాడు. ఎటు దూకుతాడోనని కాచుకున్న గార్డ్ ఒక్క క్షణం ఆలస్యంగా తేరుకుని, అడ్డంగా వచ్చి డారిల్ భుజానికే అతుక్కున్నాడు. ఇద్దరి బరువూ డారిల్ వెన్ను మీద పడింది. మోకాళ్ళు వణికాయి గానీ వంగలేదు. తన పక్క నుంచి గాలి విసిరినట్టు ఎవరో దూసుకెళ్ళడం తెలిసింది. అది గస్ అని చూడకుండానే తెలుసు. దబ్బుమని శబ్దం వినబడింది. ఈల మోగింది.

డారిల్ మొహం మట్టిలో ఉంది. మీద ఎంతమంది ఉన్నారో తెలీదు. ఆ కుప్ప కిందికి ఒక చెయ్యి దూరి, అతని హెల్మెట్ పట్టుకుని ఊపింది.

"గీతకి ఇవతలే పడ్డాడురా, కొండా," అన్నాడు గస్.

మర్నాడు డారిల్ ఇంటి వంటగదిలో వెన్న, ఉల్లిపాయ వేగుతున్న వాసన నిండి ఉంది. వాళ్ళమ్మ కిటికీ దగ్గర కూర్చుని పెళ్ళి ప్యాంటు కుడుతోంది, నల్లదారం దొరక్క నీలంతో. గస్ అప్పుడే బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా మడిచిన పిరోగీలు రెండో పళ్ళెం ఖాళీ చేసి మూడోదాని కోసం చూస్తున్నాడు. బల్ల మీద పేపరుంది. మొదటి పేజీలో గస్ ఫొటో పడింది. రేకి రెండు పేరాలు దక్కాయి. డారిల్ పేరు ఎక్కడా లేదు.

"పైకి చదవరా," అంది వాళ్ళమ్మ.

డారిల్ గొంతు సవరించుకుని చదివాడు. "ఆఖరి ఆటలో, ఎందుకో గానీ, మారెన్కోకి అడ్డువచ్చే మనిషే లేకపోయాడు."

గస్ నోటినిండా ఉన్నది మింగలేక చేత్తో మూసుకున్నాడు. డారిల్ ఆ వాక్యం ఇంకోసారి చదివాడు, 'ఎందుకో గానీ' అన్నచోట కాస్త ఆగి, రుచి చూస్తున్నట్టు. ఆ తర్వాత పేపరు దగ్గరికి లాక్కుని, చెయ్యి చాపి, ఆ కత్తెర ఇటివ్వమని వాళ్ళమ్మని అడిగాడు.