ఆవగింజంత కంటిపాప

కుక్క పెంటను అగ్గిపుల్లతో చిటికెడు తీసి, అద్దం ముక్క మీద రెండు చుక్కల నీళ్ళలో కలిపి, జహూర్ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. కిటికీలోంచి పడుతున్న ఎండను కింది చిన్న అద్దంతో పట్టుకుని, ఎడమకన్ను మూసి, కుడికన్ను గొట్టానికి ఆనించాడు. పల్చటి పెంకులో గుడ్లు, ఒక్కొక్క దానిలో నాలుగు గుండ్రటి ముక్కలు.

"కొంకిపురుగు," అన్నాడు తల ఎత్తకుండానే. "లోపల పేగు పట్టుకోని రగతం తాగుతది. అందుకే చిగుళ్ళు గట్ల పాలిపోయినయి."

పోలీసు క్యాంపు నుంచి కుక్కను తెచ్చిన కానిస్టేబులు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం అవతలే నిలబడ్డాడు. మందు పొట్లం అందుకున్నప్పుడు కూడా వేళ్ళు తగలనివ్వలేదు. జహూర్‌కు అది కొత్త కాదు. చర్ల పశువుల దవాఖానాలో అటెండర్‌గా చేరి ఇరవై ఏడేళ్ళు. ఖమ్మంలో గిన్నెలకు కళాయి పోసే ఇంట పుట్టి, పదో తరగతి రెండుసార్లు తప్పి, ఈ అడవి అంచుకు వచ్చాడు. ఊళ్ళో అతన్ని పెంట జహూర్ అనేవాళ్ళు. సాయంత్రం ఇంటికి పోతే భార్య లతీఫా వాకిట్లోనే రెండు బకెట్ల నీళ్ళు, సబ్బు పెట్టి ఉంచేది. స్నానం అయ్యాకే గడప దాటేవాడు. అయినా అతని చేతుల వాసన పూర్తిగా పోదని ఆమెకు తెలుసు. ఎన్నడూ అనలేదు.

డాక్టర్లు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. ఇప్పుడున్నాయన భద్రాచలంలో కాపురం, వారానికి ఒకసారి వచ్చి రిజిస్టరులో సంతకాలు పెట్టి పోతాడు. వచ్చిన ప్రతి కొత్త డాక్టరుకూ జహూర్ ఒకటే మాట చెప్పేవాడు. "సార్, మనం ముందు అడగాలె. పానం బాగలేనిదానికి నోరు లేదు, తోలుకొచ్చినోనికి ఉన్నది. అడిగినంకనే చెయ్యి ఎయ్యాలె." వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళే, కడుపు నొక్కి చూడమని అతన్ని పిలిచేవాళ్ళు.

కానిస్టేబులు పోయిన కాసేపటికి హేమ్లా వచ్చాడు. వాగు అవతలి కోయగూడెం మనిషి. గంపలో కుక్కను పెట్టుకుని రెండు కోసుల దూరం నెత్తిన మోసుకొచ్చాడు. గంప దించగానే కుక్క పక్కకు ఒరిగి నురగ కక్కింది. నోటినుంచి చొంగ తీగలుగా సాగుతోంది. కళ్ళ నీళ్ళు మూతిదాకా కారి వెంట్రుకలు అంటుకుపోయాయి. వెనకతొడ కండ, చర్మం కింద పురుగు పాకుతున్నట్టు అదురుతోంది.

జహూర్ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ దాని కడుపు కింద పెట్టాడు. పేగులు బుడబుడమంటూ పరుగులు పెడుతున్నాయి. ఎక్కడా గడ్డ లేదు, ఎముక ఇరుక్కోలేదు. ఈ మధ్య నాలుగైదేళ్ళుగా కుక్కపిల్లల్ని పొట్టనబెట్టుకుంటున్న నెత్తురు విరేచనాల రోగమేమో అనుకుని వాసన చూశాడు. ఆ కుళ్ళు వాసన వేరు, ఇది కాదు. అప్పుడు కుక్క ముఖాన్ని తన నీడలోకి తిప్పి రెప్ప ఎత్తి చూశాడు. నీడలో విచ్చుకోవలసిన కంటిపాప ఆవగింజంత అయి బిగుసుకుపోయి ఉంది.

"పురుగుల మందు తిన్నది," అన్నాడు.

బీరువాలో ఈ విషానికి విరుగుడు సూదిమందు బుడ్లు ఎనిమిదే ఉన్నాయి. కుక్క ఊపిరి అప్పటికే గరగరమంటోంది. రెండు బుడ్లు విరిచి ఎక్కించాడు. ఆగి, చూసి, ఇంకో రెండు. మళ్ళీ ఆగి, ఇంకో రెండు. మెల్లగా చొంగ ఆగింది. తొడ అదురు తగ్గింది. కంటిపాప కందిగింజంత అయింది. హేమ్లా కుక్క చెవులు నిమురుతూ కూర్చున్నాడు. పనిచేసిన మందును చూస్తుంటే జహూర్‌కు ఎప్పటిలాగే లోపల ఏదో తేలికయింది. చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచి, కలం తీశాడు.

"ఏం తిన్నది?"

"చేప పేగులు, సారూ. పొద్దుగాల. పిల్లి గూడ తిన్నది."

"పిల్లి ఎట్లున్నది?"

"సచ్చిపోయింది."

కలం ఆగిపోయింది. కుక్కకు వచ్చిన రోగం అదే పూట పిల్లికి రాదు. రెండూ తిన్నది ఒక్కటే.

"చేపలు యాడివి?"

"మడుగుల తేలినయి. ఊకెనే తేలినయి, గంపెడు." హేమ్లా ముఖంలో ఆ అదృష్టం తాలూకు సంతోషం ఇంకా ఉంది. "మిరపతోటలోళ్ళు పురుగుమందు డబ్బాలు కడుగుతరు గదా, ఆ మడుగుల."

"ఆ చేపలేవి ఇప్పుడు?"

"ఇంట్ల. అమ్మ వండుతది."

జహూర్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. మిగిలిన రెండు బుడ్లు, సిరంజి, తొందరలో చేతికందిన పొడిమందు కలిపే నీళ్ళ బుడ్లు నాలుగు సంచిలో వేసుకున్నాడు. మనుషుల దవాఖానా ఊరికి ఆ చివర, గూడెం దారి ఈ చివర. అటు పోయి రావాలంటే అరగంట. వంట కాకముందే చేరితే మందుతో పనే ఉండదనుకున్నాడు. కుక్కను వరండా స్తంభానికి కట్టి, హేమ్లాను వెనక కూర్చోబెట్టుకుని సైకిలు తొక్కాడు.

దారి పొడుగునా ఇప్పపూలు రాలి ఉన్నాయి. ఇసుకలో చక్రం కూరుకుపోయినచోటల్లా ఇద్దరూ దిగి పరుగెత్తారు. యాభై దాటిన మనిషి, పక్కటెముకల కింద పోటు పొడుస్తున్నా ఆగలేదు. అడగాల్సింది ముందు అడగలేదు. ఆ ఒక్క మాటే పెడలుతోపాటు అతనిలో తిరుగుతోంది.

పొయ్యి మీద పెద్ద కుండ ఉడుకుతోంది. చుట్టూ మూడిళ్ళవాళ్ళు ఆకులు పట్టుకుని కూర్చున్నారు. జహూర్ కాలితో కుండను తన్నేశాడు. బూడిదలో చేపముక్కలు, పులుసు చెల్లాచెదురయ్యాయి. ఒకతను కోపంతో లేచాడు. హేమ్లా కోయలో గట్టిగా ఏదో అరిచేసరికి అందరి చేతుల్లోని ఆకులూ కింద పడ్డాయి.

గుడిసె వెనక నుంచి వాంతి చేస్తున్న చప్పుడు వినిపించింది. హేమ్లా తల్లి కన్నమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. మనవరాలు, హేమ్లా కూతురు జోగి, నాలుగేళ్ళది, ఆమె ఒళ్ళో వాలిపోయి ఉంది. పక్కనే నిప్పుల మీద కాల్చిన చిన్న చేపల ముళ్ళు. కుండ ఉడికేదాకా పిల్ల ఆకలికి ఆగలేదట, ఇద్దరూ తిన్నారు.

జహూర్ పిల్ల రెప్ప ఎత్తాడు. ఆవగింజ. ముసలామె రెప్ప ఎత్తాడు. అదే ఆవగింజ.

పశువుల మందు మనిషికి ఎక్కిస్తే ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు. ఆ సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. ఒక బుడ్డి విరిచి పిల్ల తొడకు పొడిచాడు. అది చాలలేదు. రెండోదీ ఎక్కించాడు. పిల్ల ఊపిరిలో గరగర తగ్గి, ఏడుపు బయటికి వచ్చింది. ఏడుపు వినగానే హేమ్లా పెండ్లాం పిల్లను గుండెకు అదుముకుంది.

కన్నమ్మ తన చెయ్యి చాచింది. ఇప్పుడు తన వంతు అన్నట్టు, తొందరేమీ లేకుండా.

జహూర్ సంచిలో చెయ్యి పెట్టాడు. అక్కడ నీళ్ళ బుడ్లు తప్ప ఏమీ లేవు. ఒకటి తీశాడు. మెడ విరిస్తే అదే చప్పుడు. సిరంజిలోకి నింపి, గాలి తీసి, ముడతలు పడ్డ ఆ జబ్బకు పొడిచాడు.

"ఇగ తగ్గుతదమ్మా," అన్నాడు.

ఆమె కోయలో ఏదో అంది. హేమ్లా వంగి విన్నాడు.

"సూది నొప్పే లేదంటున్నది, సారూ."

బండి కట్టి ఇద్దర్నీ దవాఖానాకు బయలుదేరదీశారు. జహూర్ కన్నమ్మను బండిలో నులకమంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఊరుతున్న చొంగను తన చొక్కా చివరతో తుడుస్తూ పక్కనే నడిచాడు. వాగు ఇంకా రాకముందే చొంగతోపాటు ఊపిరీ ఆగిపోయింది. కాసేపు అతను ఆ చొక్కా చివర పట్టుకునే నడిచాడు. తర్వాత ఎద్దుల్ని ఆపమన్నాడు.

పిల్లనూ, పిల్ల తల్లినీ తీసుకుని బండి ముందుకు పోయింది. కన్నమ్మను మంచం మీద మోసుకుంటూ మిగతావాళ్ళు వెనక్కి తిరిగారు. మంచం ఒక కోడు పట్టుకుని నడుస్తున్న హేమ్లా అడిగాడు.

"కుక్క బతుకుతదా, సారూ?"

"బతుకుతది."

నాలుగడుగులు వేశాక జహూర్ ఉండబట్టలేకపోయాడు. "హేమ్లా, మందు ఎనిమిదే ఉండె. ఆరు కుక్కకే పెట్టిన. నిన్ను ముందుగాల అడిగి ఉంటే..."

"అవ్, సారూ," అన్నాడు హేమ్లా, కళ్ళు తుడుచుకుంటూ. "శానా పెట్టినవు. నువ్వు గాబట్టి దాన్ని బతికిచ్చినవు. నా బిడ్డను గూడ."

అతని గొంతులో ఎత్తిపొడుపు వెతికాడు జహూర్. ఉంటే బాగుండేదనిపించింది. లేదు.

శవాన్ని వాకిట్లో దించాక ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది. సైకిలు కోసం జహూర్ గుడిసె వెనక్కి వెళ్ళాడు. అక్కడ, కన్నమ్మ ఆనుకున్న గుంజ పక్కన, కూర్చున్న మనిషి చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో, చూరు గడ్డిలో ఒక చుట్ట దోపి ఉంది. సగం కాల్చి, తిన్న తర్వాత కాల్చుకుందామని నలిపి ఆర్పినది. నల్లటి కొసన కొంచెం బూడిద ఇంకా రాలకుండా ఉంది. రెండో కొస పళ్ళ కింద నలిగి, తడి ఆరి, పంటి గాట్లతో అట్లాగే గట్టిపడింది.