మంచి ఇల్లేనా అని అడిగితే

కొర్రలు రెండు కుప్పలు పోసుకుని చెరుగుతున్నాను, ఒకటి మా ఇంటికి, ఒకటి మా బావగారింటికి. బడి నుంచి వచ్చిన మా ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ, "ఇంక నీకు రెండిండ్ల చాకిరీ తప్పినట్టేలే. అన్నకు పిల్లను చూసినా," అన్నాడు. నేను చేసేది చాకిరీ అని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి, అదీ తప్పిపోయే వేళకి. ఎవరా పిల్ల అని అడిగాను. "మీ హోము పిల్లే. నువ్వు సాకినావే, ఆ ఎలీషబా."

మా ఆయన నతానియేలు రాచర్లలో మిషను బడి పంతులు. ఆయన అన్న యోబు సేద్యం చేస్తాడు, పక్కిల్లే. బావ భార్య రాహేలు పోయినేడు చనిపోయింది. అప్పటి నుంచి ఆయనకూ ఆయన పిల్లలకూ వండేది, ఉతికేది, ఆయన గేదెకు కుడితి పెట్టేది నేనే. "వండేదాంట్లో ఇంకో నాలుగు పిడికిళ్లు ఎక్కువేస్తే నీ సొమ్మేం బోయింది," అంది మా అత్త మొదట్లో. పిడికిళ్లతో సరిపోలేదు. బావకు తన ఇంట్లో, తన పొయ్యి మీద దించిన వేడి సంగటే కావాలి. కాబట్టి రెండు పొయ్యిలు, రెండు బూడిద కుప్పలు.

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు సంతోషమైంది. పని సగానికి తగ్గుతుంది, పైగా నా ఎలీషబా పక్కింట్లో ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. ఆ సంతోషం కొర్రలు చెరిగేంతసేపు ఉంది. ఎసరు పెట్టేసరికి రాహేలు గుర్తొచ్చింది, ఇంక అన్నం సయించలేదు.

"శుక్రవారం మిస్సమ్మ రమ్మన్నది," అన్నాడు ఆయన తింటూ. "నిన్నూ తీసుకురమ్మన్నది. మీ కాడి పద్ధతి నీకు తెలుసు గదా. మంచి ఇల్లని ఒక్క మాట అంటే చాలు."

"అనక ఏం జేస్తాది? తినే ఇంటిని కాదంటాదా?" అంది మా అత్త గడపలో నుంచి. ఇంకా అంది, "హోము పిల్లలైతే నిమ్మళం. పుట్టింటికి పోతానని మూట గట్టేది లేదు, తమ్ముడొచ్చి ఇదేందని అడిగేది లేదు. కసువూడ్చేకాడి నుంచి అన్నీ నేర్పి పంపుతారు." నన్ను ఎదురుగా పెట్టుకునే అంటుంది ఈ మాటలు, నేను ఏ గుంటూరు జమీందారు కూతురినో అయినట్టు.

మా కాడి పద్ధతి ఏమిటంటే, మిషను వాళ్లు అనాథ ఆడపిల్లలను సాకే మా హోములో పిల్లను ఎవరైనా అడగడానికి వస్తే, ఆ ఇంట్లోనో ఆ ఊళ్లోనో అంతకుముందు ఇచ్చిన హోము పిల్ల ఎవరైనా ఉందా అని, హోము నడిపే తెల్లదొరసాని మిస్సమ్మ చూస్తుంది. ఉంటే పిలిపించి, అందరి ముందూ అడుగుతుంది, ఆ ఇల్లు మంచిదేనా అని. ఆమె అవునంటే పెళ్లి, కాదంటే లేదు. మాకు అమ్మానాన్నలు లేరు కాబట్టి మాలో ఒకరి మాటే మాకు పెద్దల మాట. మిస్సమ్మ చాలా ఆలోచించి పెట్టిన పద్ధతి. ఎవరూ కాదన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

తర్లుపాడు దగ్గర ఒక బోడి గుట్ట కింద ఉండేది మా హోము. పొడుగాటి పెంకుటిల్లు, ముందు వేపచెట్లు, వెనక బావి. నన్ను అక్కడికి తెచ్చినప్పుడు నా పేరు ఆదెమ్మ. అమ్మ గత్తరొచ్చి వాంతులు, విరేచనాలతో పోయింది. నాయన పలకల గనిలో పని చూసుకుని వస్తానని నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టి పోయాడు, మళ్లీ రాలేదు. నాయన కోసం రోజూ దారి చూశానని చెప్తే బాగుంటుంది కానీ అంత తీరిక ఎక్కడిది? గంట కొడితే లేవడం, గంట కొడితే నీళ్లు తోడడం, గంట కొడితే జొన్నలు విసరడం, గంట కొడితే చదువు. తెల్లవాళ్ల సీమలో ఎవరో దొరసాని నా తిండికి డబ్బు పంపేదట, ఆమె కోరిన పేరు మగ్దలీన. అట్లా ఆదెమ్మ మగ్దలీనమ్మ అయింది. ఒకసారి ఆ దొరసానికి రొమ్ము పడిశం పట్టిందని మిస్సమ్మ చెప్తే, ఆమె ముఖమెట్లా ఉంటుందో కూడా తెలియకుండా మోకాళ్ల మీద నిలబడి మనసారా ప్రార్థన చేశాను. తగ్గిందట. నాకు గర్వంగా ఉండింది.

బాధపడుతూ పెరిగామని ఎవరైనా అనుకుంటే అదీ అబద్ధమే. పలక పెచ్చులతో అచ్చనగండ్లు ఆడుకునేవాళ్లం. క్రిస్మసుకు సీమ నుంచి పెట్టెలొచ్చేవి, అందులో మా ఎవరికీ పట్టని గౌన్లు, మా ఎండలకు పనికిరాని ఉన్ని టోపీలు. ఆ టోపీలు పెట్టుకుని చెమటలు కక్కుతూ ఫొటోకు నిలబడేవాళ్లం. నవ్వమంటే ఒకటే నవ్వు. ఆ ఫొటోలు చూసి సీమలో వాళ్లు మాకు చలి అనుకుని ఉంటారు, మరుసటేడు ఇంకా టోపీలు వచ్చేవి.

హోములో ఆడపిల్లకు తొమ్మిదేళ్లు దాటితే ఒక చిన్నదాన్ని ఇచ్చేవాళ్లు. ఇవ్వడం అంటే ఒళ్లో పెట్టడమే. ఇంక దాని స్నానం, దాని పేలు, దాని ముక్కు, దాని చాప అన్నీ మనవి. శనివారం మిస్సమ్మ గోళ్లు చూసేటప్పుడు చిన్నదాని గోళ్లల్లో మట్టి ఉంటే పెద్దదానికి బెల్లం ముక్క లేదు. నాకు ఎలీషబాను ఇచ్చారు. రెండేళ్లు ఉంటాయేమో, ఒళ్లంతా గజ్జి, ముట్టుకుంటే కరిచేది. వేపాకు ఉడకబెట్టిన నీళ్లతో కడుగుతుంటే నా చేతి మీద పళ్లు దిగేవి, నేను ఒక చేత్తో కొట్టి ఒక చేత్తో కడిగేదాన్ని. రాత్రుళ్లు నా ఓణీ కొసను దాని మొలతాడుకు ముడేసుకుని పడుకునేదాన్ని, లేచి బావి దగ్గరికి పోకుండా. దాని జ్వరాలకు నేను మేలుకున్నాను. దాని మొదటి అక్షరం నేను దిద్దించాను. ఒకరోజు అన్నం కలిపి పెడుతుంటే అది నన్ను "అమ్మా" అంది. పక్కనే ఉన్న మేట్రన్, "ఈడ అమ్మలెవరూ లేరు, అక్కా అను," అని దిద్దింది. అది అక్కా అంది. అన్నం ముద్ద పెట్టాను, తినేసింది.

ఇంత చేయించుకుంటూ హోములో ఒకే ఒక్క దాన్ని మాత్రం పాపమన్నారు, సణగడం. సంగటిలో పురుగు కనబడి ఎవరైనా మూతి ముడిస్తే మిస్సమ్మ గ్రంథం తెరిచి, ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి ఎట్లా నాశనమయ్యారో చదివేది. తలనొప్పి అంటే సణుగుడు. నిద్రొస్తుందంటే సణుగుడు. పెళ్లై పోయేటప్పుడు ప్రతి పిల్లకూ ఆమె చెప్పే కడపటి మాట కూడా అదే. ఇట్లా పెంచిన పిల్లల్నే తర్వాత పిలిచి, నీ ఇల్లు మంచిదేనా అని అడిగేది. మిస్సమ్మ చెడ్డ మనిషి కాదు. తను నేర్పింది మేము ఇంత బాగా నేర్చుకుంటామని ఆమెకు తోచలేదంతే.

నా పెళ్లికి అట్లా మాట చెప్పింది, మా హోము నుంచే రాచర్లకు ఇచ్చిన సౌభాగ్యమ్మక్క. మంచి ఇల్లే అమ్మా అంది, వరండా గచ్చు వంక చూస్తూ. కాపురానికి వచ్చిన ఏడాదికి, మా అత్త నా జుట్టు పట్టుకున్న మర్నాడు, బావి దగ్గర ఆమెను నిలదీశాను. "అట్ల జెప్పినావేంది అక్కా?" ఆమె చేద లాగుతూనే ఉంది. "ఇంకేం జెప్పాల? మా ఆయన పక్కనే నిలబడె. అయినా మనకు మంచిది అనేది తప్ప ఇంకో మాట నేర్పినారా?" అంది. ఆమె మీద కోపం అక్కడే పోయింది.

శుక్రవారం గిద్దలూరులో రైలెక్కాం. యోబు బావ మల్లు పంచె కట్టి, తలకు నూనె పట్టించి, పెళ్లికొడుకు కళ తెచ్చుకున్నాడు. చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. తాగడు, ఆదివారం గుడి తప్పడు. ఆయన పిల్లల్లో చిన్నది బయలుదేరేటప్పుడు నా కాళ్లకు అడ్డం పడుతుంటే ఇంట్లోనే దిగబెట్టి వచ్చాను. రైలు కంభం దాటాక మా ఆయన నా వైపు వంగి, "ఎక్కువ మాట్లాడబాక. అడిగిందానికి అవునను," అన్నాడు. పిల్లలకు పరీక్షకు ముందు చెప్పినట్టే చెప్పాడు.

హోములో కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోతే ఎలీషబా పరుగెత్తుకొచ్చింది. పదహారేళ్లు నిండాయి, నాకంటే పొడుగు. నా చేతులు పట్టుకుంది. "అక్కా, నీ కాడికే వస్తున్నా గదా!"

"ఆయన్ను చూసినావా?"

"చూడలే. చూసేదేముంది, పక్కింట్లో నువ్వుంటావు గదా. నాకదే చాలు."

దాని కళ్లల్లో అంత వెలుగు. అది వస్తే నాకూ అదే చాలు. పొద్దున్నే గోడ మీద నుంచి అక్కా అని పిలుస్తుంది. నా నడుం నొప్పి సగం తగ్గుతుంది. ఒక్క మాట అంటే ఇవన్నీ నావి.

వరండాలో మిస్సమ్మ కుర్చీలో కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క బావ. ఎలీషబా తలుపు దగ్గర తల వంచుకుని నిలబడింది. ప్రార్థన అయ్యాక మిస్సమ్మ తన పుస్తకాల తెలుగులో అడిగింది, "మగ్దలీనా, ఆ గృహము మంచిదేనా?"

మా ఆయన దగ్గాడు.

"రాహేలు సంగతి చెప్తానమ్మా," అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినబడింది. "కాన్పు అయినాక ఆమెకు జ్వరం పట్టింది. మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మని నేను బావ కాళ్లు పట్టుకున్నా. చెనక్కాయ పీకడం అయిపోనీ అన్నాడు. జ్వరంతోనే ఆమె పీకింది, వండింది. ఒకరోజు సంగటి కెలుకుతా కెలుకుతా పొయ్యి కాడ పడిపోయింది. నేను అరిస్తే బావ వచ్చినాడు. చూసినాడు. 'సంగటి మాడిపోతాంది, దించు,' అన్నాడు నాతో. అదే ఆయన మొదటి మాట. నేను దించినా. దించి చూసేసరికి ఆమె లేదు."

"అబద్ధం!" అన్నాడు బావ. మళ్లీ తనే, "మాడిపోతే మాడిపోతాందని అనరా?" అన్నాడు.

మిస్సమ్మ ముఖం ఎర్రబడింది. "నీవు సణుగుచున్నావా, మగ్దలీనా?"

"లేదమ్మా. మీరు అడిగినారు, చెప్పినా. ఇప్పుడు దాన్ని అడగండి. నా పెళ్లప్పుడు మీరు సౌభాగ్యమ్మక్కను అడిగినారు, పాస్టరును అడిగినారు. నన్ను అడగలే."

మిస్సమ్మ తలుపు వైపు తిరిగింది. ఎలీషబా ఏడుస్తోంది. ఏడుస్తూ మిస్సమ్మను కాదు, నన్నే చూస్తూ, "అక్కా, నేను రాను," అంది. దాని నోట ఆ మాట రావాలనే నేను మాట్లాడాను. వచ్చాక మాత్రం ఒక్కటే తోచింది. ఇంక అది నా పక్కింటికి రాదు, ఎప్పటికీ.

బావ మాకంటే ముందే స్టేషనుకు నడిచిపోయాడు. అక్కడ ఆ చివర బల్ల మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మా ఆయన నాకంటే పది అడుగులు ముందు నడిచాడు. నాకు భయం లేదని కాదు. ఇంటికి పోయాక అత్త ఏమంటుందో తెలుసు, ఆయన ఏం చేస్తాడో సరిగా తెలియదు. నల్లమల వైపు పొద్దు వాలుతోంది. ప్లాట్‌ఫారం మీద వేరుసెనగ బస్తాలు పేర్చి ఉంటే వాటి నీడలో కూర్చున్నాను, కాళ్లు చాపుకుని. ఆయన నిలబడే ఉన్నాడు.

"మా పరువంతా తీస్తివి," అన్నాడు చివరికి. గొంతు పెద్దది చేయలేదు, చుట్టూ మనుషులున్నారు. "అన్న ఇంక మొగమెత్తుకోగలడా? సరే, అయిపాయ. ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి ఎవరు రాజేయాల, అది జెప్పు."

"పిల్లలు మన ఇంటికొస్తారు, నేను పెడతా," అన్నాను. "మీ అన్నకు మీ అన్న వండుకుంటాడు."