తీర్థం వద్దనే మనిషి

అమలాపురంలో నర్సింగ్ హోములు వీధికొకటి చొప్పున లేస్తున్న రోజులవి, ఎనభై మూడో సంవత్సరం. అన్ని ఉన్నా ఇందిరాదేవికి కావలసినది ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు. మంచాలూ, మందులూ, డాక్టరు చదువూ తరవాతి సంగతి. నాన్నగారి మొహం మీద "వద్దండీ" అనగల మనిషి ఒక్కరు కావాలి ఆమెకి.

అమ్మ వెంకటరమణమ్మకి పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. మాట పోయింది, మింగడమూ పోయింది. పెద్దాసుపత్రి డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి, "ఏదిచ్చినా దీంట్లోంచే. నోట్లో చుక్క పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. తెలిసిన నర్సులున్న నర్సింగ్ హోము చూసుకోండి" అని పంపేశాడు.

నాన్నగారు కామేశ్వర ఘనపాఠి ఆ మాట శ్రద్ధగా విన్నారు, తల కూడా ఊపారు. మర్నాడు పూజ ముగించి, ఉద్ధరిణితో తీర్థం తెచ్చి అమ్మ నోట్లో పోశారు. తీర్థం నీళ్ల కిందికి రాదని ఆయన లెక్క! అమ్మ కళ్లు తేలేసి దగ్గింది. సాయంత్రానికి జ్వరం. అప్పటినుంచీ రోజూ అదే వరస. పూజగదిలో గంట మోగితే చాలు, ఇందిరకి గుండె జారిపోయేది. చెబుదామంటే నోరు పెగలదు. కొత్తపేట ఆడపిల్లల బళ్లో హెడ్మిస్ట్రెస్సుగా అందరినీ గడగడలాడించే మనిషి, ఆయన ముందు ఇంకా పరికిణీ కట్టుకున్న పిల్లే.

మొదట చూసిన నర్సింగ్ హోము పెద్ద మేడ. గచ్చు తళతళలాడుతోంది, ఆక్సిజన్ సిలిండరుంది, రాత్రి కూడా నర్సుంటుంది. ఘనపాఠిగారిని చూడగానే డాక్టరు లేచి కాళ్లకి దండం పెట్టాడు.

ఇందిర గుండె చిక్కబట్టుకుని అడిగింది. "నోట్లో ఏమీ పొయ్యకూడదన్నారండీ. తీర్థం కూడానా?"

"అబ్బే, తీర్థానికేంటండీ! మా మందులకంటే అదే పనిచేస్తాది. వారి చేతి తీర్థమంటే మాటలాండీ?"

నాన్నగారు విన్నావా అన్నట్టు కూతురికేసి చూశారు. ఇక్కడ చేర్చడమంటే అమ్మని చేజేతులా చంపుకోవడమే అనుకుంది ఇందిర.

రెండోది అంబాజీపేట రోడ్డు మీద. కొబ్బరికాయల లారీ పోయినప్పుడల్లా కిటికీలు దడదడలాడుతున్నాయి, గోడలు పెచ్చులూడుతున్నాయి. లోపల గొట్టం వేసిన ముసలాయన నోటికి ఆయన భార్య కాఫీ గ్లాసు అందిస్తోంది. రత్నం అనే నర్సు ఒక్క అంగలో వచ్చి ఆ గ్లాసు లాక్కుంది.

"చంపేత్తావేంటమ్మా మొగుణ్ణి? పొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పేను?"

ఇందిరకి ఆమెని కావలించుకోవాలనిపించింది.

"ఇక్కడే చేరుద్దాం నాన్నగారూ."

"ఆ నోరూ, ఈ గోడలూ చూసేవా?"

"అమ్మ గోడలు చూడదు కదండీ" అని గభాలున అనేసి, అన్నందుకు తనే బిత్తరపోయింది. ఆయన ఏ కళనున్నారో, సరేనన్నారు.

మర్నాడు పొద్దున్న ఘనపాఠిగారు నర్సింగ్ హోము వెనక నూతి దగ్గర స్నానం చేసి, వరండా మూల సాలగ్రామానికి పూజ చేసుకుని, తడిపంచెతో, రాగి పంచపాత్రతో అమ్మ గదిలోకి వచ్చారు. గొట్టం సరిచేస్తున్న రత్నం తలెత్తింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడే అరుస్తుందని ఇందిర ఎదురుచూసింది.

రత్నం చెయ్యి తుడుచుకుని, తల వంచి, అరచెయ్యి చాపింది.

"నాక్కూడా ఇప్పించండి బాబుగారూ. మా ఆయన సముద్రం మీదికి వేటకెళ్లేడండీ. గాలి బాలేదంటున్నారు."

ఆయన చెయ్యి తగలకుండా పైనుంచి పోశారు. రత్నం పుచ్చుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గోడకేసి తిరిగి మొక్కుకుంటూ నిలబడిపోయింది. నమ్ముకున్న ఒక్క మనిషీ అలా అయిపోయింది.

ఆయన మంచం వైపు తిరిగారు. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ చేతి తీర్థం పుచ్చుకున్న మనిషి, అమ్మ తనంతట తనే నోరు తెరిచింది.

ఇందిర ఇంకా స్నానం చెయ్యలేదు. మడితో ఉన్న నాన్నగారిని బుద్ధెరిగాక ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ ముంజెయ్యి రెండు చేతులతోనూ పట్టేసుకుంది.

"పొయ్యకండి నాన్నగారూ. ఇది అమ్మని చంపేస్తోందండీ."

ఆయన కేకలేస్తారనుకుంది. ఆయన చెయ్యి వణుకుతోంది. తను పట్టుకోకముందునుంచే వణుకుతోందని అప్పుడు తెలిసింది.

"తెలుసమ్మా. దగ్గినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను గదా."

"తెలిసీ పోస్తున్నారా?"

"ఇవాళే పోతుందేమో, నోట్లో తీర్థం పడకుండా పోతుందేమోనని భయం. తెల్లారితే అదే భయం, ఇందిరా. నేనుగా ఆపుకోలేను. గట్టిగా పట్టుకో. వదలకు."

ఇందిర వదల్లేదు. మంచం మీద అమ్మ నోరు తెరుచుకుని, ఎందుకు ఆలస్యం చేస్తున్నారన్నట్టు ఆయనకేసే చూస్తోంది.