నా చేతి కొలత

"నీ చేతులు చిన్నవి కదా రూపా, ఇలాంటి పని నీకే బాగా కుదురుతుంది" అని మా ఆయన డేవిడ్‌సన్, తన పిస్టల్‌కి తూటాలు తయారుచేసే పని నాకు అప్పజెప్పి ఏళ్లయింది. శనివారం వంటపని ముగించి, మా అమ్మాయి షెర్లీని స్విమ్మింగ్ క్లాసులో దించి వచ్చి, కెనడాలో మా ఓక్‌విల్ ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుంటాను. షూటింగ్ రేంజ్‌లో అతను కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చేది నేను. కడిగి, ఆరబెట్టి, తుపాకీ మందు తూచి పోసి, గుండు బిగించేది నేను. పోటీలో బాగా ఆడిన రోజు మాత్రం ఫ్రెండ్స్‌తో "నా లోడ్ అదిరింది బ్రో" అంటాడు, ఆ తూటాలు తనే చేసినట్టు. ఆ మాట వింటూ వాళ్లకి టీ కప్పులు అందించేదీ నేనే.

నా పిస్టల్ నాకోసం కొన్నది కాదు. ఇకపై చేతి తుపాకులు కొనడం కుదరదని వార్తలు వచ్చిన ఏడాది, హడావుడిగా నాచేత కోర్సు చేయించి, లైసెన్స్‌కి అప్లై చేయించి, నా పేరు మీద ఒకటి కొనిపించాడు. "నాకు స్పేర్‌గా పడుంటుంది. పేరు నీది, అంతే" అన్నాడు. పేరే కదా అని నేనూ అనుకున్నాను. ఒకరోజు క్లబ్‌లో ఊరికే నిలబడలేక లైన్ మీదికి వెళ్లాను. పరుగెడుతూ, గోడల చాటు నుంచి వంగి చూస్తూ కాగితపు టార్గెట్లను కాల్చే ఆట అది. బజర్ మోగగానే నా తలలో ఎప్పుడూ తిరుగుతుండే కూరలూ, నేను పనిచేసే మిస్సిసాగా ల్యాబ్‌లో మిగిలిపోయిన రిపోర్టులూ, అత్తగారి ఫోన్లూ అన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను చర్చిలో కూడా ఎరగను. "వాడంటే మగాడు, సరదా పడతాడు. ఆడపిల్ల తల్లివి, నీకు తుపాకులేంటమ్మా?" అన్నారు అత్తగారు. నేను మానలేదు. పిడి లావుగా ఉండి వేలు ట్రిగ్గర్‌కి అందకపోతే, దానికి పల్చటి పిడి పలకలు, అదే గ్రిప్స్, తెప్పించి బిగించుకున్నాను. డేవిడ్‌సన్‌కి కాల్చినప్పుడు చేతిని తేలిగ్గా తన్నే తూటా ఇష్టం. నా తూటాల్లో మందు కొంచెం ఎక్కువ వేసుకుంటాను. పోటీలో తూటా వేగం కొలుస్తారు, హద్దు కిందికి పోతే ఆ రోజు స్కోరే ఉండదు. చలికి మందు జోరు తగ్గుతుందని నా భయం. "నీ ల్యాబ్ చాదస్తం" అని నవ్వేవాడు.

ఏప్రిల్‌లో కిచెనర్ ఊరికి అవతలున్న రేంజ్‌లో సెలక్షన్ మ్యాచ్. ఇద్దరం పేర్లిచ్చాం. వారం ముందు అతని పిస్టల్ పైభాగం పగిలింది. కొత్తది కొనే వీల్లేదు.

"ఈసారికి నీది వాడతాలే."

"నేనూ ఆడుతున్నాను కదండీ."

"నువ్వు సరదాకి ఆడతావు. నాది టీమ్ సెలక్షన్."

"నేను ఆడతానండీ" అన్నాను మళ్లీ. చూద్దాంలే అన్నట్టు నవ్వాడు.

మ్యాచ్ పొద్దున మంచు కలిసిన గాలి కొడుతోంది. తూటాలు ముట్టుకోకుండా పిస్టల్ మాత్రమే తీసి చూసుకునే సేఫ్టీ టేబుల్ దగ్గర కేసు తెరిచాను. చేతిలోకి తీసుకున్నాను. అది నా చేతికి పట్టడం లేదు. వేలు ట్రిగ్గర్ దాకా వెళ్లడం లేదు.

"మార్చానే" అన్నాడు పక్కనుంచి, కాఫీ తాగుతూ. "నీ లాక్ నంబర్ నాకు తెలుసుగా. నా గ్రిప్స్ వేశాను. తూటాలు కూడా నావే సర్దాను."

"నావి ఎక్కడున్నాయి?"

"కార్లో పడున్నాయిలే. రూపా, సీన్ చెయ్యకు."

రేంజ్ ఆఫీసర్ మార్గరెట్ పేర్లు సరిచూసుకుంటూ వచ్చింది. ఈ మ్యాచ్‌లో ఒక తుపాకీతో ఇద్దరు ఆడటానికి వీల్లేదని చెప్పి, ఎవరు ఆడుతున్నారని అడిగింది. డేవిడ్‌సన్ ముందే జవాబు చెప్పాడు, తనేనని. తుపాకీ ఎవరి పేరు మీద ఉందో అడిగి, నా పేరని తెలిసి, అయితే ఆడినంతసేపూ మీ ఆవిడ మీ పక్కనే ఉండాలి అందామె.

అతను నావైపు తిరిగి తెలుగులో, మెల్లగా అన్నాడు. "విన్నావుగా. నువ్వు నా పక్కన నిలబడితే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు."

అతను మోసం చేస్తున్నట్టు కూడా అనుకోవడం లేదు. ఆ ముఖంలో నాకు సులువైన పని ఇస్తున్న దయ ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నిలబడనండీ" అన్నాను. తర్వాత మార్గరెట్‌తో, "ఆడేది నేను" అన్నాను.

"అందరూ చూస్తున్నారు" అన్నాడు పళ్లు బిగించి. చూస్తున్నారు. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. అతని పలకలు విప్పి టేబుల్ మీద పెట్టాను. నావి అతని టూల్ బ్యాగ్ అడుగున దొరికాయి, బిగించుకున్నాను. పిస్టల్ కేసులో పెట్టి, కారు దగ్గరికెళ్లి నా తూటాలు తెచ్చుకున్నాను. వేగం కొలిచే మెషీన్ ముందు నా తూటాలు ఒక్కొక్కటీ పేల్చాను. మార్గరెట్ అంకె చూసి తలూపింది. హద్దు దాటాయి, కాస్త పైనే.

ఆ రోజు నేనేమీ గెలవలేదు. ఒక టార్గెట్‌ని అసలు చూడనేలేదు, ఒకచోట తూటాలున్న మ్యాగజైన్ జారి బురదలో పడింది. చివరికి పట్టికలో మధ్య ఎక్కడో తేలాను. అయినా ప్రతి బజర్‌కీ కదిలింది నా కాళ్లే. డేవిడ్‌సన్ చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల నిలబడి ఫోన్ చూసుకున్నాడు.

తిరుగు దారిలో కారు నేనే నడిపాను. మధ్యలో ఒక షాపు దగ్గర ఆపి కొత్త నంబర్ లాక్ కొన్నాను. ఇంటికొచ్చాక నా పిస్టల్‌ని వేరే పెట్టెలో పెట్టి, వీపు అతని వైపు ఉంచి నంబర్ సెట్ చేశాను. అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏం నంబర్ పెట్టావు?"

అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పడం అలవాటైన నాలుక ఒక్క క్షణం తడబడింది.

"చెప్పనండీ" అన్నాను.